ఇన్‌బోర్డ్ ఇంజిన్: తీరాన్ని బట్టి షాఫ్ట్ లైన్ ఎంచుకోవడం, బిగించడం, కాపాడుకోవడం

పడవకు ఇన్‌బోర్డ్ ఇంజిన్, అంటే పడవ లోపలే కూర్చునే ఇంజిన్, పెట్టాలనుకోగానే అందరూ అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ?’ అనే. ఆ ప్రశ్న మూడోది. పడవ రాత్రిపూట ఎక్కడ నిలుస్తుంది, అది చేసే పని ఏమిటి అన్నవి ముందు తేలాలి. అవి తేలితే ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలో, దాని శక్తి ప్రొపెల్లర్ దాకా ఏ దారిన పోవాలో సగం తేలిపోయినట్టే. ఈ వరస తప్పి ముందు ఇంజిన్ కొని, తర్వాత దానికి పడవలో చోటు వెతికితే షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్‌కి చేర్చే కడ్డీ) వంకర, నీటి కారుడు, గేర్‌బాక్స్ ఖర్చు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

ముందు ఒడ్డును కొలవండి

శ్రీకాకుళం జిల్లా తీరం లెక్కల్లో 193 కిలోమీటర్లు. దాని కింద విజయనగరం తీరం 28 కిలోమీటర్లు. ఇంత పొడవునా డొంకూరు నుంచి ముక్కాం, చింతపల్లి దాకా ఎక్కువ ఊళ్లలో పడవ అలల మీదుగా వచ్చి ఇసుకకు తాకుతుంది, జనం పట్టి పైకి లాగుతారు. అక్కడ ఫైబర్ పడవల మీద అవుట్‌బోర్డులు (బయట తగిలించేవి), లాంగ్‌టెయిల్ ఇంజిన్లు (పొడవాటి షాఫ్ట్‌ను వెనక్కి చాచేవి) నిలిచాయంటే కారణం ఒక్కటే: ఒడ్డు దగ్గరికి రాగానే ప్రొపెల్లర్‌ను నీళ్లలోంచి పైకి ఎత్తేయొచ్చు. మామూలు ఇన్‌బోర్డులో షాఫ్ట్, ప్రొపెల్లర్, చుక్కాని మూడూ పడవ అడుగున స్థిరంగా ఉంటాయి. ఇసుక తగిలితే మొదటి దెబ్బ వాటికే.

గుజరాత్‌లోని వెరావల్‌లో ట్రాలర్ల (వల లాగే పెద్ద బోట్ల) మీద పనిచేసి వచ్చినవాళ్లు అక్కడి బోటు లాంటిదే ఇక్కడా కట్టించుకోవాలనుకుంటారు. వెరావల్‌కు హార్బర్ ఉంది, మన ఊళ్లలో చాలావాటికి లేదు. అలాంటి బోటు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉంచుతారా, భావనపాడు మొగలో (నీరు సముద్రంలో కలిసే చోట) ఉంచుతారా, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన బుడగట్లపాలెం హార్బర్ మీద ఆశ పెట్టుకుంటారా అన్నది డబ్బు కట్టక ముందే తేల్చుకోండి.

మొగలో ఉంచేటట్టయితే అమావాస్యకో పౌర్ణమికో పూర్తి పాటు (నీరు బాగా దిగిన వేళ) మీద ఉన్నప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకి వెదురుతో లోతు చూడండి. మన తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. పోటులో దర్జాగా దాటిన చోటే పాటులో ప్రొపెల్లర్ ఇసుకను గీరుతుంది. నిండు బరువుతో ప్రొపెల్లర్ కింది అంచు ఎంత లోతుకు దిగుతుందో, దాని కింద ఇంకో అర మీటరు నీరు ఉండాలి. అలలు లేస్తుంటే అదీ చాలదు, అల పల్లంలో పడవ అంతమేరా కిందికి దిగుతుంది. నాగావళి, వంశధార మొగల దగ్గర ఇసుక మేటలు వానాకాలం వెళ్లేసరికి చోటు మారిపోతాయి కాబట్టి ఏటా కొలవాల్సిందే.

నేరు షాఫ్ట్: అన్నిటికీ మూలం

ఇంజిన్, దాని వెనక గేర్‌బాక్స్, తర్వాత దాన్ని షాఫ్ట్‌కి కలిపే కప్లింగ్, షాఫ్ట్, నీరు లోపలికి రాకుండా గ్లాండ్, షాఫ్ట్ పడవ దాటి వెళ్లే గొట్టం (స్టెర్న్ ట్యూబ్), దాని చివర రబ్బరు బేరింగ్, ప్రొపెల్లర్, ఆ వెనక చుక్కాని. అణియం (ముందు కొన) వైపు నుంచి అమరం (వెనక కొన) వైపుకి వరస ఇదే. విడి భాగాలు తక్కువ, ఏ మేస్త్రీకైనా అర్థమవుతుంది, ఏ ఊళ్లోనైనా బాగుచేయొచ్చు. వల లాగే బోటుకి దీన్ని మించినది లేదు.

ఇందులో రెండు రకాలు. ట్రాలర్లలో షాఫ్ట్ కీల్ (పడవ అడుగున వెన్నెముక లాంటి) దుంగలోంచి దాదాపు సమతలంగా వెళ్తుంది. ప్రొపెల్లర్ కీల్‌కీ చుక్కానికీ నడుమ ఉన్న కిటికీలో తిరుగుతుంది. కింద ఏది తగిలినా మొదటి దెబ్బ కీల్ తింటుంది. రెండో రకంలో కీల్ ఉండదు, షాఫ్ట్ పడవ అడుగును ఏటవాలుగా చీల్చుకుని బయటికొచ్చి బ్రాకెట్ మీద ఆనుతుంది. ఈ ఏటవాలును 12 డిగ్రీల లోపు ఉంచండి, 15 దాటనివ్వకండి. 15 డిగ్రీల్లో ముందుకు నెట్టే బలం లెక్క ప్రకారం మూడున్నర శాతమే పోతుంది, అసలు నష్టం వేరే ఉంది. కిందికి దిగే రెక్కకి నీరు ఒక కోణంలో, పైకి లేచే రెక్కకి ఇంకో కోణంలో తగులుతుంది. ప్రతి చుట్టుకీ రెక్కల మీద భారం పెరిగి తరుగుతూ అదురు పుడుతుంది. పైగా ఇంజిన్ అంత వాలి కూర్చుంటే ఆయిల్ పంప్ పీల్చే గొట్టానికి నూనె అందకపోవచ్చు. ఎంత వాలు దాకా ఫరవాలేదో ఇంజిన్ పుస్తకంలో రాసి ఉంటుంది, చూడకుండా బెడ్ (ఇంజిన్ కూర్చునే దిమ్మ) కట్టించవద్దు. ఇంజిన్ వాలు తగ్గించక తప్పని పడవకి షాఫ్ట్‌ను ఏడెనిమిది డిగ్రీలు కిందికి వంచి పంపే డౌన్‌యాంగిల్ గేర్‌బాక్స్ దొరుకుతుంది. ఇంజిన్ చదునుగా కూర్చుంటుంది, షాఫ్ట్ మాత్రం వాలుతుంది.

ఏ లేఅవుట్ చూసినా ‘పడవను నెట్టే బలం ఎక్కడ ఆనుతోంది?’ అని అడగండి. ప్రొపెల్లర్ నీటిని వెనక్కి తోస్తే ఆ బలం షాఫ్ట్ గుండా ముందుకొస్తుంది. నేరు షాఫ్ట్‌లో దాన్ని గేర్‌బాక్స్ లోపలి థ్రస్ట్ బేరింగ్ అందుకుని, ఇంజిన్ కాళ్ల ద్వారా బెడ్‌కీ, బెడ్ నుంచి పడవకీ ఇస్తుంది. అంటే ఇంజిన్ బెడ్ బరువు మోసే బల్ల మాత్రమే కాదు, పడవను తోసేదీ అదే. దాన్ని ఇంజిన్ పొడవుకే కోసి ఆపేయకుండా ముందుకీ వెనక్కీ సాగదీసి అడ్డదూలాలకు కలపాలి. ఫైబర్ పడవలో బెడ్ దుంగల మీద ఫైబర్ కప్పి ఊరుకుంటే, కాళ్ల బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగి లోపలి చెక్క కుళ్లుతుంది. రంధ్రాలను రెసిన్‌తో నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ తొలచండి.

మిగతా దారులు, ఎవరికి ఏది

వీ-డ్రైవ్‌లో ఇంజిన్ వెనక్కి తిరిగి కూర్చుంటుంది. పడవ అమరంలో ఇంజిన్, దాని గేర్‌బాక్స్ మొహం అణియం వైపు. అక్కడున్న వీ పెట్టె శక్తిని మళ్లించి, ఇంజిన్ కిందుగా వెనక్కి పంపుతుంది. లాభం నడుమ చోటు, ఐసు పెట్టెకో ప్రయాణికులకో మొత్తం మిగులుతుంది. దానికి మూల్యం రెండు చోట్ల కట్టాలి. బరువంతా వెనక పడి అణియం లేస్తుంది. గ్లాండ్ ఇంజిన్ కిందికి పోతుంది, దానిమీద చెయ్యి పెట్టాలంటే పొట్ట మీద పాకాలి. చెయ్యి అందని గ్లాండ్‌ను ఎవరూ చూడరు, ఎవరూ చూడని గ్లాండ్ ఒక రోజు పడవను నింపేస్తుంది. వీ-డ్రైవ్ తీసుకుంటే గ్లాండ్ మీద నేల పలకను విడిగా తెరుచుకునేలా ముందే కట్టించండి. ఇంజిన్‌కీ వీ పెట్టెకీ నడుమ కార్డన్ షాఫ్ట్ (రెండు చివర్లా కీళ్లున్న షాఫ్ట్) ఉన్న రకమైతే దాని రెండు చివర్ల కోణాలూ సమానంగా ఉండాలి, పూర్తిగా సున్నా మాత్రం కాకూడదు. సున్నా కోణంలో ఆ కీలు క్రాస్ లోపలి సూది బేరింగులు దొర్లవు, ఉన్నచోటే గుంటలు పడతాయి. ఒకటి నుంచి మూడు డిగ్రీలు ఉంచుతారు.

స్టెర్న్‌డ్రైవ్ వేగం కోసం పుట్టింది. ఇంజిన్ అమరం గోడకు లోపల, ప్రొపెల్లర్‌ను మోసే కాలు గోడకు బయట. శక్తి గోడ దాటి వెళ్లి, పళ్లచక్రాల మీద ఒకసారి కిందికి, ఇంకోసారి వెనక్కి మళ్లుతుంది. కాలు పైకి లేస్తుంది, పక్కకి తిరుగుతుంది. వేరే చుక్కాని ఉండదు కాబట్టి ఇంజిన్ న్యూట్రల్‌లో ఉన్నప్పుడు తిప్పుడు దాదాపు పనిచేయదు. తోసే బలమంతా అమరం గోడదే, గోడ లోపలి ప్లైవుడ్ నాని మెత్తబడితే మొత్తం పోయినట్టే. గోడ దాటే చోట రబ్బరు బెల్లోస్ ఉంటాయి. మడతల్లో నత్తలు, గవ్వలు అంటుకుని కోసేస్తాయి. రెండు మూడేళ్లకి మార్చాలి, చిల్లు కనిపించాక కాదు. అల్యూమినియం కాలు రోజుల తరబడి నానితే ఉప్పు నీరు దాన్ని తినేస్తుంది. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకునే షికారు బోటుకి సరే, వేటకి సరిపడదు.

వాటర్‌జెట్‌కి బయట ప్రొపెల్లరే లేదు. అడుగు జాలీలోంచి నీటిని పీల్చి వెనక ముక్కులోంచి చిమ్ముతుంది. మన తీరంలో కోస్ట్ గార్డ్ ఇంటర్‌సెప్టర్ బోట్లు పరిగెత్తేది దీనితోనే. లోతు తక్కువైనా పనిచేస్తుందన్న మాట నిజమే. ఇసుక నీటిలో మాత్రం ఇంపెల్లర్ (నీటిని తోసే లోపలి చక్రం) అంచు, దాని చుట్టూ ఉండే రింగు అరిగిపోయి నడుమ సందు పెరుగుతుంది, సందు పెరిగితే తోపుడు పడిపోతుంది. తక్కువ వేగంలో, బరువు లాగేటప్పుడు డీజిల్ దండగ. వల లాగే పడవకి దీని పేరు ఎత్తకండి.

సెయిల్‌డ్రైవ్ తెరచాప యాట్‌లది, పాడ్ డ్రైవ్ ఖరీదైన జంట ఇంజిన్ యాట్‌లది. రెంటికీ ఇక్కడ విడి భాగం దొరకదు, అంతటితో వదిలేయొచ్చు.

ఇసుక ఒడ్డుకి ఇన్‌బోర్డ్ కావాలంటే మాత్రం ఒక దారి ఉంది, అది మన బంగాళాఖాతం కోసమే పుట్టింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) వారి బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్, అలల మీదుగా ఒడ్డెక్కే పడవల కోసం ఎత్తగలిగే డీజిల్ డ్రైవ్‌ను తయారుచేసింది. చిన్న డీజిల్ ఇంజిన్, షాఫ్ట్, ప్రొపెల్లర్ అంతా ఒకే యూనిట్‌గా ఒక ఇరుసు మీద ఊగుతుంది. షాఫ్ట్ పడవ అడుగు దాటే చోట గట్టి గ్లాండ్‌కి బదులు వంగే రబ్బరు బెల్లో ఉంటుంది. ఒడ్డు రాగానే ప్రొపెల్లర్‌ను పడవ అడుగులో ఉన్న గూట్లోకి లేపేస్తారు. ఇలాంటిది కట్టించుకుంటే మూడు చూడండి: బెల్లో క్లిప్పులు రెండేసి, అదీ స్టెయిన్‌లెస్‌వి, ఇరుసు బుష్‌కి గ్రీజు నిపుల్, ప్రొపెల్లర్ పైకి లేచి ఉన్నప్పుడు ఇంజిన్ గేర్‌లో పడకుండా అడ్డు. మూడోది మరిచిపోతే లేచి ఉన్న ప్రొపెల్లర్ గూటి చెక్కను కొరికేస్తుంది. చుక్కాని కూడా లేచేదే ఉండాలి, లేకపోతే ఇంత ఏర్పాటూ వృథా.

గేర్ రేషియో, ప్రొపెల్లర్ లెక్క

ప్రొపెల్లర్ ఎంత పెద్దదై ఎంత నెమ్మదిగా తిరిగితే లాగుడు అంత బాగుంటుంది. వల బోట్లలో 3:1 నుంచి 5:1 దాకా తగ్గింపు పెడతారు (3:1 అంటే ఇంజిన్ మూడు చుట్లకి షాఫ్ట్ ఒక చుట్టు). వేగం బోట్లలో 1.5:1, 2:1.

లెక్క ఇలా వేయండి. ఇంజిన్ పూర్తి చుట్లు నిమిషానికి 1800, గేర్ 3:1 అయితే షాఫ్ట్ 600 చుట్లు. ప్రొపెల్లర్ పిచ్ (జారుడు లేకుండా ఒక చుట్టుకి ముందుకు సాగే దూరం) 24 అంగుళాలు అనుకోండి. 24ని 600తో గుణించి, నిమిషానికి అంగుళాలను నాట్లలోకి (గంటకు సముద్ర మైళ్లలోకి) మార్చే 1215తో భాగిస్తే దాదాపు 11.9 నాట్లు. ఇది నీరు చెక్కలా గట్టిగా ఉంటే వచ్చే వేగం. నీరు జారుతుంది కాబట్టి ఆ జారుడు 35 శాతం పెట్టుకుంటే 7.7 నాట్లు మిగులుతుంది. మీ పడవ ఒడలి ఆకారానికి ఆ వేగం నప్పుతుందా అన్నది చూడాలి. ఎనిమిది నాట్లకు మించి పోలేని బరువు బోటుకి పెద్ద పిచ్ వేస్తే ఇంజిన్ ఊపిరాడక నల్ల పొగ కక్కుతుంది తప్ప వేగం రాదు.

రెక్కల కొనకీ పడవ అడుక్కీ నడుమ సందు ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం 10 శాతం, వీలైతే 15 శాతం ఉండాలి. 30 అంగుళాల ప్రొపెల్లర్‌కి మూడు నుంచి నాలుగున్నర అంగుళాలు. పెద్ద ప్రొపెల్లర్ ఆశతో ఈ సందును తినేస్తే ప్రతి రెక్కా దాటినప్పుడల్లా అడుగు పలక మీద దెబ్బ పడుతుంది. కొత్త బోటులో గడగడ వినిపిస్తే ఇంజిన్‌ను అనుమానించే ముందు ఈ సందు కొలవండి.

షాఫ్ట్ లైన్ బిగింపు

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. స్లిప్‌వే మీదకి బోటు ఎక్కేది అప్పుడే, అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి షాఫ్ట్, బేరింగ్ కొలతలు ముందే తీసుకుని లేత్ పనికి ఇచ్చేసి ఉండండి.

మొదటి సూత్రం: షాఫ్ట్ దగ్గరికి ఇంజిన్ రావాలి, ఇంజిన్ దగ్గరికి షాఫ్ట్ వెళ్లకూడదు. స్టెర్న్ ట్యూబ్ నడిమధ్య నుంచి ఇంజిన్ గది దాకా సన్నని ఉక్కు తీగను బిగించి లాగండి. ఆ తీగే షాఫ్ట్ నడిరేఖ. బెడ్ ఎత్తు దాన్ని బట్టి కట్టండి, కాళ్ల కింద షిమ్ (ఎత్తు సర్దే సన్నని) పలకలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్ల చోటు వదలండి. చోటు వదలకపోతే తర్వాత ఇంజిన్‌ను కిందికి దించే దారి ఉండదు.

వెనక రబ్బరు బేరింగ్ పొడవు షాఫ్ట్ వ్యాసానికి నాలుగు రెట్లు ఉండటం మామూలు లెక్క: 50 మి.మీ. షాఫ్ట్‌కి 200 మి.మీ. ఈ బేరింగ్‌కి నూనె నీరే, లోపలి గాళ్లలో నీరు పారాలి. ట్యూబ్ పొడవుగా ఉండి ముందు వైపు మూసుకుపోతే ఇంజిన్ కూలింగ్ నీటిలోంచి ఒక సన్న గొట్టం గ్లాండ్ దగ్గరికి ఇవ్వండి. నిలిచిన నీరు స్టెయిన్‌లెస్ షాఫ్ట్‌ను కూడా గ్లాండ్ కింద సూది గుంటలు పడేలా తినేస్తుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, అక్కడే విరుగుతుంది. పాత షాఫ్ట్ తీసినప్పుడు గ్లాండ్ చోటును గోరుతో తడిమి చూడండి.

ప్రొపెల్లర్‌ను షాఫ్ట్ టేపర్ (సన్నబడుతూ పోయే కొన) మీద కూర్చోబెట్టడంలో చాలామంది తప్పు చేస్తారు. కీ (ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద తిరిగిపోకుండా గాడిలో పెట్టే లోహపు ముక్క) లేకుండా ముందు ప్రొపెల్లర్‌ను ఎక్కించి, అది ఎక్కడ ఆగిందో షాఫ్ట్ మీద గీత పెట్టండి. తీసేసి, గ్రైండింగ్ పేస్ట్ రాసి అటూ ఇటూ తిప్పుతూ రుద్దండి. నీలం రంగు పూసి చూస్తే ముప్పావు వంతుకి పైగా తాకుడు కనిపించాలి. రుద్దాక పేస్ట్ పూర్తిగా కడిగి, మళ్లీ కీ లేకుండా కొత్త గీత పెట్టండి. అప్పుడు కీ వేసి ఎక్కించండి. అదే గీత దాకా వచ్చిందా, సరే. గీత దాకా రాకుండా ముందే ఆగితే ప్రొపెల్లర్ టేపర్ మీద కాక కీ వీపు మీద కూర్చుంది. కీ పైభాగం కొద్దిగా ఆకురాయి పట్టండి. అలాగే వదిలేస్తే టేపర్ పట్టు లేక భారమంతా కీ మీదే పడి, కొన్నాళ్లకి కీ గాడి మూల నుంచి షాఫ్ట్ పగులుతుంది. నట్లు రెండుంటే పలచనిది ముందు, మందమైనది దాని మీద. చివరి బిగింపు భారం మోసేది బయటి నట్టు కాబట్టి మందం దానికే కావాలి. ఆపైన స్ప్లిట్ పిన్.

గ్లాండ్ ప్యాకింగ్‌ను (లోపల కూరే తాడును) స్ప్రింగ్‌లా చుట్టి దూర్చకండి. షాఫ్ట్ మీదే చుట్టి కొలిచి విడివిడి రింగులుగా కోయండి, ఒక్కో రింగు అతుకును ముందుదానికి 120 డిగ్రీలు జరిపి పెట్టండి. రెండు నట్లూ సమంగా, ముందు చేత్తోనే బిగించండి. నడిచేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. అసలు కారకుండా బిగిస్తే షాఫ్ట్‌ను కోసేస్తుంది. అరగంట నడిపాక గ్లాండ్ మీద చెయ్యి ఆనితే గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడి ఉండకూడదు.

షాఫ్ట్ మీద, గ్లాండ్‌కి కొంచెం ముందు లోపలి వైపు, ఒక బిగింపు కాలర్ వేయించండి. కప్లింగ్ బోల్టులు విరిగిన బోటును రివర్స్‌లో పెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బయటికి లాక్కుపోతుంది, ఆ రంధ్రం గుండా సముద్రం లోపలికి వస్తుంది. కాలర్ గ్లాండ్‌కి తగిలి ఆపుతుంది. చిన్న ఖర్చు, దాన్ని మానకండి.

అలైన్‌మెంట్ నీటి మీదే

ఒడ్డు మీద బోటు దుంగల మీద కూర్చుంటుంది, నీటిలో తేలుతుంది. ఆ రెంటిలో దాని ఆకారం ఒకటి కాదు. ఒడ్డు మీద ఉజ్జాయింపుగా పెట్టి, నీటిలో దించి, ఫైబర్ బోటుకి ఒక రోజు, చెక్క బోటుకి రెండు మూడు రోజులు ఆగండి. డీజిల్ ట్యాంకు సగమైనా నింపండి. అప్పుడు కప్లింగ్ బోల్టులు విప్పండి.

కప్లింగ్ విప్పగానే షాఫ్ట్ ముందు చివర తన బరువుకే కిందికి వాలుతుంది. దాన్ని చేత్తో కదిపి, పైకి ఎంత లేస్తుందో, కిందికి ఎంత దిగుతుందో చూసి నడిమధ్యన చెక్క ఆనించి నిలపండి. పక్కలకూ అంతే. ఇప్పుడు రెండు ఫ్లాంజ్‌ల (కప్లింగ్ గుండ్రటి పలకల) అంచులు వేలికి సమంగా తగలాలి. తర్వాత రెంటినీ దగ్గరకి తెచ్చి పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ దూర్చి సందు కొలవండి. ఫ్లాంజ్ వ్యాసం ప్రతి 25 మి.మీ.కి 0.025 మి.మీ. దాకా తేడా చెల్లుతుంది. 125 మి.మీ. ఫ్లాంజ్‌కి 0.125.

ఉదాహరణకి పైన 0.40, కింద 0.15 వచ్చిందనుకోండి. తేడా 0.25, అంటే హద్దుకి రెట్టింపు. సందు పైన ఎక్కువంటే షాఫ్ట్ వాలినంతగా ఇంజిన్ వాలలేదని, దాని ముందు కాళ్లు పైకి లేవాలని అర్థం. ఎంత లేపాలి? ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ దూరం 900 మి.మీ. అయితే దాన్ని 125తో భాగించి 0.25తో గుణించండి: 1.8 మి.మీ. రెండు ముందు కాళ్ల కిందా అంత షిమ్ వేయండి. ముందు లేపితే వెనక ఫ్లాంజ్ ఎత్తు కూడా కొద్దిగా మారుతుంది కాబట్టి అంచులు మళ్లీ వేలితో చూసి, మళ్లీ నాలుగు చోట్లా కొలవాలి. పైకిందలు పూర్తయ్యాకే ఎడమకుడిలు. ఒకేసారి రెండూ దిద్దబోతే తిరిగి తిరిగి అక్కడికే వస్తారు.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయండి. గేర్‌బాక్స్ ఫ్లాంజ్ కదలకుండా షాఫ్ట్‌ను మాత్రం అరచుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్కువ సందు పైనే ఉంటే ఇంజిన్ సర్దాలి. ఎక్కువ సందు షాఫ్ట్‌తోపాటు కిందికి వచ్చేస్తే షాఫ్ట్ వంకర లేదా దాని ఫ్లాంజ్ సరిగా కూర్చోలేదు. ఎన్ని షిమ్‌లు వేసినా ఆ రోగం పోదు, లేత్‌కే పోవాలి. కప్లింగ్‌లో రబ్బరు ముక్క వేశాం కదా, అలైన్‌మెంట్ అక్కర్లేదు అనే మాట నమ్మకండి. రబ్బరు అదురును తింటుంది, వంకరను తినదు.

కూలింగ్, జింకు

సముద్రపు నీరు పీల్చే ప్రతి రంధ్రానికీ మూసే కాక్ ఉండాలి, దాని వెనక జాలీ. ఇంజిన్ నీటిమట్టం కంటే కింద కూర్చుంటే, నీటితో కలిసి పోయే ఎగ్జాస్ట్ గొట్టం నీటిమట్టం పైకి లేచి వంగి దిగాలి. లేకపోతే ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీరు వెనక్కి వస్తుంది. షాఫ్ట్, చుక్కానిలకు బదులు తాను కరిగిపోయేలా వాటికి బిగించే జింకు ముక్క సగం కరిగాక మార్చండి, దానిమీద పెయింట్ ఎప్పుడూ వేయకండి. ఎక్కువ కాలం మొగలోని ఉప్పూ మంచీ కలిసిన నీటిలో ఉండే పడవకి జింకు కంటే అల్యూమినియం ముక్క మేలు.

నీటిలో పరీక్ష, తర్వాతి జాగ్రత్తలు

ఐసు, వలలు, డీజిల్ నిండు బరువుతో పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ఇంజిన్ పలక మీద రాసిన పూర్తి చుట్లు రావాలి. రాకుండా నల్ల పొగ వస్తే ప్రొపెల్లర్ ఎక్కువైంది. తేలికగా దాటిపోతే తక్కువైంది. ఖాళీ పడవతో చేసిన పరీక్షని పరీక్షగా లెక్కపెట్టకండి. వల పనికి కొన్న బోటైతే వల వేసి లాగుతూ కూడా చూడాలి.

అదురు చుట్లతోపాటు పెరుగుతూ పోతే ప్రొపెల్లర్, షాఫ్ట్ చూడండి. ఒకానొక చుట్ల దగ్గరే వచ్చి దాటగానే పోతే ఇంజిన్ కాళ్లు, బెడ్ చూడండి. నిన్నటిదాకా లేని అదురు ఇవాళ వస్తే ముందు దిగి చూడాల్సింది ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వల తాడు. నైలాన్ తాడు కరిగి బేరింగ్‌కీ హబ్‌కీ మధ్య గట్టిగా పట్టేస్తుంది, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి చేతిలో పెట్టుకున్నాకే నీటిలో దిగాలి. గేర్‌బాక్స్ నూనె పాలలా మారితే ఆయిల్ కూలర్‌లో నీరు కలుస్తోంది, ఆ రోజు వేటకి వెళ్లకండి. షాఫ్ట్‌ను ప్రొపెల్లర్ దగ్గర చేత్తో పైకీ కిందికీ ఊపినప్పుడు కదలిక మిల్లీమీటరు దాటి కంటికి కనిపిస్తే రబ్బరు బేరింగ్ మార్చే సమయం వచ్చింది.

కొత్తగా బిగించిన షాఫ్ట్ లైన్‌కి మొదటి 50 గంటలు నడిచాక కప్లింగ్ బోల్టులు, ఇంజిన్ కాళ్ల నట్లు మళ్లీ బిగించి, ఫీలర్ గేజ్‌తో ఇంకోసారి కొలవండి. ఇంజిన్ కాళ్ల కింది రబ్బరు మౌంట్లు ఈపాటికి కొంత కుంగి ఉంటాయి.

ఇంజిన్ ఆగిపోయి ఇంకో బోటు మిమ్మల్ని లాక్కుని ఒడ్డుకి తెస్తుంటే వెంటనే షాఫ్ట్‌ను కట్టేయండి. పారే నీటికి ప్రొపెల్లర్ తనంతట తానే తిరుగుతుంది, దానితో గేర్‌బాక్స్ లోపలి చక్రాలూ తిరుగుతాయి, ఆగిన ఇంజిన్‌తో నూనె పంప్ మాత్రం తిరగదు. ఒకటి రెండు గంటల లాగుడులో బేరింగులు మాడిపోయే గేర్‌బాక్స్‌లు ఉన్నాయి. కప్లింగ్ బోల్టుల నడుమ ఒక ఇనుప కడ్డీ దూర్చి బెడ్‌కి ఆనేలా మెలిపెట్టి కట్టండి, లేదా పైపు రెంచ్‌ను కప్లింగ్ దగ్గర షాఫ్ట్‌కి పట్టించి బెడ్‌కి ఆనించండి. గ్లాండ్ తిరిగే చోట మాత్రం రెంచ్ పళ్లు పడకూడదు. లాగే బోటు సరంగుకి వేగం నాలుగైదు నాట్లు దాటొద్దని ముందే చెప్పండి. ఒడ్డుకి చేరాక ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు ఆ కట్టు విప్పారో లేదో ఒకరు కిందికి దిగి కంటితో చూసి చెప్పాలి.